ఒప్పందం ముగిసింది.. ఆట ముగియలేదు!

మెస్సీ, రొనాల్డోల జీతాల గురించి అందరికీ తెలుసు. వాళ్లకు మూడు నాలుగు మెట్లు కింద, ఏడాదికో రెండేళ్లకో రాసుకున్న కాంట్రాక్టు మీద బతికే వేలమంది ఆటగాళ్ల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఆ కింది మెట్ల నుంచి వచ్చిన ఇద్దరు వింగర్ల కథ ఇది. ఒకడు గోడలకు రంగులేస్తూ ఆడాడు, ఇంకొకడు యూనివర్సిటీలో చదువుకుంటూ ఆడాడు. మొదటి ఉద్యోగం కోసం తిరుగుతున్నవారికి ఇందులో పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

మెట్లు ఎన్ని?

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఒక పిరమిడ్. అన్నిటికంటే పైన ప్రీమియర్ లీగ్, అందులో 20 జట్లు. దాని కింద ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ (ఈఎఫ్‌ఎల్) నడిపే మూడు డివిజన్లు: ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ. ఒక్కోదానిలో 24 జట్లు. అన్నీ కలిపితే 92 క్లబ్బులు. వాటికీ కింద నేషనల్ లీగ్, ఇంకా కింద ప్రాంతీయ లీగులు. పేరు చూసి పొరబడొద్దు. లీగ్ వన్ అంటే మూడో మెట్టు, లీగ్ టూ అంటే నాలుగో మెట్టు.

ఈ మెట్ల మధ్య తలుపులు మూసి ఉండవు. లీగ్ టూలో మొదటి 3 స్థానాల్లో నిలిచిన జట్లు నేరుగా పైకి వెళతాయి. 4 నుంచి 7 స్థానాల్లో ఉన్నవి ప్లేఆఫ్ ఆడతాయి, వాటిలో ఒక్కటే పైకి. లీగ్ వన్ నుంచి ఏటా 4 జట్లు కిందికి జారతాయి. జట్టుతో పాటు ఆటగాడి జీతం కూడా కదులుతుంది. జట్టు కింది డివిజన్‌కు పడిపోతే జీతం ఇంత తగ్గుతుందని కాంట్రాక్టులో ముందే రాసుకోవడం అక్కడ మామూలే.

సీజన్ అంటే 46 లీగ్ మ్యాచ్‌లు. కప్పు పోటీలు అదనం. శనివారం మధ్యాహ్నం మ్యాచ్, మళ్లీ మంగళవారం రాత్రి మ్యాచ్, నడుమ బస్సు ప్రయాణాలు. ఆగస్టు నుంచి మే దాకా ఇదే వరస. టీవీలో కనిపించే ప్రైవేటు విమానాలు, ఖరీదైన కార్లు ఈ మెట్ల మీద ఉండవు.

రంగుల డబ్బా పక్కన బూట్లు

ఆల్బర్ట్ అడోమా 1987లో లండన్‌లో పుట్టాడు. అతడి మూలాలు ఘనా దేశంలో ఉన్నాయి. మన దగ్గర క్రికెట్ అకాడమీల్లాగే అక్కడ పెద్ద క్లబ్బులు చిన్న వయసులోనే పిల్లల్ని ఏరుకుంటాయి. అలా ఎంపికైన పేర్లలో అడోమా లేడు. లండన్ శివారులోని హారో బరో అనే చిన్న క్లబ్బుకు ఆడాడు. అది ఈఎఫ్‌ఎల్ కంటే కింది లీగులో ఉండే జట్టు. అక్కడొచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. అందుకే పగలు ఇళ్లకు రంగులు వేసే పని చేసేవాడు. సాయంత్రం ప్రాక్టీసు.

2008 జనవరిలో, అతడికి 20 ఏళ్లప్పుడు, లీగ్ టూ జట్టు బార్నెట్ తీసుకుంది. ప్రొఫెషనల్ ఆటగాడిగా అది మొదటి ఉద్యోగం. పెద్ద పేరున్న క్లబ్బు కాదు, చిన్న స్టేడియం. కానీ బార్నెట్‌లో అతడికి దొరికింది ఒకటుంది.. వారం వారం ఆడే అవకాశం. రెండున్నర సీజన్లలో వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఎవరైనా స్కౌట్ వచ్చి చూడాలన్నా, ముందు ఆటగాడు మైదానంలో ఉండాలి కదా! పెద్ద క్లబ్బు బెంచీ మీద కూర్చున్న కుర్రాడి గురించి స్కౌట్ ఏం రాసుకుంటాడు?

2010 ఆగస్టులో ఛాంపియన్‌షిప్ జట్టు బ్రిస్టల్ సిటీ అతణ్ని కొనుక్కుంది. నాలుగో మెట్టు నుంచి ఒకేసారి రెండో మెట్టుకు! అంతలోనే ఒక మలుపు. ఆ నెలలోనే, సీజన్‌లో రెండు మ్యాచ్‌లు అయ్యాయో లేదో, జట్టు మేనేజర్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి బాస్ మారిపోయాడన్నమాట. కొత్త బాస్‌కు నువ్వు నచ్చాలన్న రూలేమీ లేదు. కింది లీగుల్లో మేనేజర్లు తరచూ మారుతుంటారు కాబట్టి అక్కడి ఆటగాడు తనను ఎంపిక చేసిన వ్యక్తి మీద కాకుండా, తన ఆట మీదే ఆధారపడటం నేర్చుకుంటాడు. అడోమా అక్కడ మూడు సీజన్లు నిలబడ్డాడు. ఘనా జాతీయ జట్టు పిలుపు కూడా బ్రిస్టల్‌లో ఉన్నప్పుడే వచ్చింది.

పైకి చేర్చాడు.. బయటికి వచ్చాడు

2013లో బ్రిస్టల్ సిటీ లీగ్ వన్‌కు పడిపోయింది. ఆ సెప్టెంబరులో అడోమా మిడిల్స్‌బ్రోకు మారాడు. మరుసటి ఏడాది, 2014లో, బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచకప్‌కు వెళ్లిన ఘనా జట్టులో అతడి పేరుంది. రంగుల బ్రష్ పట్టుకున్న చేతికి, ప్రపంచకప్ జెర్సీకి మధ్య దూరం పదేళ్ల లోపే.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు విజయగాథ. అసలు సంగతి తర్వాత ఉంది. 2016 మేలో మిడిల్స్‌బ్రో ప్రీమియర్ లీగ్‌కు ఎదిగింది. ఆ సీజనంతా జట్టుకు ఆడిన అడోమా, ఆగస్టు ఆఖరుకల్లా ఆస్టన్ విల్లాకు మారాడు. విల్లా అప్పుడే ఛాంపియన్‌షిప్‌కు పడిపోయిన జట్టు. అంటే క్లబ్బు పైకెళ్లింది, అతడు మళ్లీ అదే రెండో మెట్టు మీద ఉన్నాడు.

విల్లాలో 2017-18లో 14 లీగ్ గోల్స్ కొట్టాడు. వింగర్ అయ్యుండి, ఆ సీజన్లో జట్టులో అందరికంటే ఎక్కువ! ఆ ఏడాది ప్లేఆఫ్ ఫైనల్లో విల్లా ఫుల్‌హామ్ చేతిలో ఓడింది. తర్వాతి ఏడాది, 2019 మేలో, డర్బీ కౌంటీని 2-1తో ఓడించి ప్రీమియర్ లీగ్‌కు చేరింది. అప్పటికి అడోమా కాంట్రాక్టు గడువు పూర్తయింది. క్లబ్బు పొడిగించలేదు. రెండు జట్లను పైమెట్టుకు చేర్చిన ఆటగాడు రెండుసార్లూ ఆ పైమెట్టు మీద ఇల్లు కట్టుకోలేకపోయాడు.

ఇందులో అన్యాయం ఉందా అంటే, క్లబ్బు లెక్క వేరు. పైకి వెళ్లాక దానికి ఇంకా వేగంగా పరిగెత్తే, ఇంకా తక్కువ వయసున్న ఆటగాళ్లు కావాలి. కొనడానికి డబ్బూ వస్తుంది. ప్రాజెక్టును నిలబెట్టిన టీమ్‌కే తర్వాతి ప్రాజెక్టు ఇస్తారన్న హామీ ఏ కంపెనీలోనూ ఉండదు. ఇది చేదుగా అనిపించినా ముందే తెలుసుకోవడం మంచిది.

అడోమా ఏం చేశాడు? నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో చేరాడు. అక్కడ ఆడే అవకాశాలు తగ్గితే 2020 జనవరిలో లోన్ మీద కార్డిఫ్‌కు వెళ్లాడు. ఆ అక్టోబరులో క్వీన్స్ పార్క్ రేంజర్స్ (క్యూపీఆర్) తీసుకుంది. 30 దాటిన వింగర్‌కు కాళ్లలో వేగం తగ్గుతుంది. క్యూపీఆర్‌లో అతడు వింగ్‌బ్యాక్‌గానూ ఆడాడు. అంటే దాడితో పాటు రక్షణ బాధ్యత కూడా. 2024లో అక్కడ కాంట్రాక్టు అయిపోయాక లీగ్ టూ జట్టు వాల్సాల్‌లో చేరాడు. 2008లో మొదలుపెట్టిన అదే నాలుగో మెట్టు! ఆ సీజన్లో వాల్సాల్ చాలాకాలం పట్టికలో అగ్రస్థానంలో ఉండి, చివర్లో తడబడి, 2025 మే 26న వెంబ్లీలో జరిగిన ప్లేఆఫ్ ఫైనల్లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ చేతిలో 0-1తో ఓడింది. అప్పటికి అడోమా వయసు 37. ఖాతాలో 500కు పైగా లీగ్ మ్యాచ్‌లు.

డిగ్రీ చదువుతూ ఆడిన వింగర్

2010 ఆగస్టులో బ్రిస్టల్ సిటీ నుంచి తప్పుకొన్న ఆ మేనేజర్ పేరు స్టీవ్ కోపెల్. మన ఫుట్‌బాల్ అభిమానులకు ఈ పేరు కొత్త కాదు. 2016లో కేరళ బ్లాస్టర్స్‌ను ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్‌కు చేర్చిన కోచ్ ఈయనే. తర్వాత జంషెడ్‌పూర్, కోల్‌కతా ఏటీకే జట్లకూ పనిచేశాడు. ఆయన కూడా ఒకప్పుడు వింగరే. అదీ కింది డివిజన్ నుంచే.

1970ల్లో లివర్‌పూల్ యూనివర్సిటీలో చదువుకుంటూ, మూడో డివిజన్ జట్టు ట్రాన్మీర్ రోవర్స్‌కు ఆడాడు కోపెల్. 1975లో మాంచెస్టర్ యునైటెడ్ 60 వేల పౌండ్లకు కొనుక్కుంది. యునైటెడ్ లాంటి క్లబ్బు పిలిచాక ఇంకా క్లాసులెందుకు అని ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం చదువు వదల్లేదు, డిగ్రీ పూర్తి చేశాడు. ఆటలోనూ తగ్గలేదు. యునైటెడ్ తరఫున వరసగా 200కు పైగా లీగ్ మ్యాచ్‌లు ఆడిన రికార్డు ఆయనది. ఇంగ్లండ్‌కు 42 మ్యాచ్‌లు ఆడాడు.

1981 నవంబరులో హంగరీతో మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ తగిలింది. ఆపరేషన్లు జరిగినా లాభం లేకపోయింది. 1983లో, 28 ఏళ్లకే రిటైరయ్యాడు. మన దగ్గర ఆ వయసులో చాలామంది ఇంకా గ్రూప్స్ రాస్తుంటారు! మరుసటి ఏడాదే క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు ఆయనకు మేనేజర్ ఉద్యోగం ఇచ్చింది. 1990లో ఆ జట్టును ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు తీసుకెళ్లాడు. 2005-06లో రెడింగ్‌ను 106 పాయింట్లతో ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు. మోకాలు మోసం చేశాక కూడా ఆయన ముప్పై ఏళ్లకు పైగా అదే రంగంలో జీతం తీసుకున్నాడు.

ఇంతకీ వింగర్ చేసే పనేంటి?

మైదానం అంచున, టచ్‌లైన్ వెంబడి ఆడేవాడు వింగర్. బంతి తీసుకుని ఎదురుగా ఉన్న ఫుల్‌బ్యాక్‌ను దాటాలి, గోల్ ముందున్న వాళ్లకు క్రాస్ అందించాలి. లేదా లోపలికి కోసుకుంటూ వచ్చి తానే కొట్టాలి. పదిసార్లు ప్రయత్నిస్తే ఆరేడుసార్లు బంతి పోతుంది. పోయిన ప్రతిసారీ గ్యాలరీలో అరుపులు. మళ్లీ బంతి వచ్చినప్పుడు మళ్లీ ప్రయత్నించాల్సిందే. భయపడి వెనక్కి పాస్ ఇచ్చే వింగర్‌ను ఏ మేనేజరూ ఎక్కువ రోజులు ఉంచుకోడు.

కింది లీగుల్లో ఇంకో పని కూడా ఉంటుంది. వెనక్కి పరిగెత్తి తన ఫుల్‌బ్యాక్‌కు సాయం చేయడం. ఇది హైలైట్స్‌లో కనిపించదు. ఇప్పుడు చాలా క్లబ్బుల్లో ఆటగాళ్లు జీపీఎస్ పరికరం ఉన్న బనియన్ వేసుకుంటారు. ఎంత దూరం పరిగెత్తారు, ఎన్నిసార్లు పూర్తి వేగం అందుకున్నారు అన్నది మ్యాచ్ అయిన వెంటనే తెరమీద కనిపిస్తుంది. దాచుకోవడానికి ఏమీ ఉండదు. ఒక్కసారిగా వేగం అందుకోవడం, ఆగడం వల్ల తొడ వెనక కండరాల గాయాలు వింగర్లకు ఎక్కువ. అందుకే ఫిజియోతో స్నేహం వీళ్లకు తప్పనిసరి.

మే నెల వస్తే గుండె దడ

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ కాంట్రాక్టులు మామూలుగా జూన్ 30తో ముగుస్తాయి. సీజన్ అయిపోగానే, మే నెలలో ప్రతి క్లబ్బూ ఒక జాబితా ప్రకటిస్తుంది. ఎవరిని ఉంచుకుంటున్నాం, ఎవరిని వదిలేస్తున్నాం అని. వదిలేసిన వాళ్లకు ఆ తర్వాత జీతానికి భరోసా ఉండదు. ట్రయల్స్ కోసం క్లబ్బుల చుట్టూ తిరగాలి. పెళ్లయి, పిల్లలు బడిలో ఉంటే ఊరు మారడం ఇంకా కష్టం.

ఇంకా చిన్న వయసులోనే ఈ జల్లెడ మొదలవుతుంది. అకాడమీ కుర్రాళ్లకు 16 ఏళ్లకు రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తారు. 18 ఏళ్లకు ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇవ్వాలా, పంపేయాలా అన్నది తేలుస్తారు. ఎక్కువమంది వెనక్కే వెళతారు. అందుకే ఆ రెండేళ్లలో ఆటతో పాటు చదువు కూడా శిక్షణలో భాగంగా ఉంటుంది. ఈఎఫ్‌ఎల్, ఆటగాళ్ల సంఘం (పీఎఫ్‌ఏ) కలిసి దీనికోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టాయి. 1907లో పుట్టిన పీఎఫ్‌ఏ, ఆట మానేసిన వాళ్ల చదువుకూ సాయం చేస్తుంది.

క్లబ్బే లేకుండా పోతే? 1885లో పుట్టిన బరీ క్లబ్బు అప్పుల్లో కూరుకుపోతే, 2019 ఆగస్టులో ఈఎఫ్‌ఎల్ దాన్ని లీగు నుంచి బహిష్కరించింది. అప్పటికే సీజన్ మొదలైంది. ఆటగాళ్లు హడావుడిగా వేరే ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది. హెర్ఫర్డ్ యునైటెడ్ 2014 డిసెంబరులో కోర్టు ఆదేశంతో మూతపడింది. ఆ ఏడాది వేసవిలోనే అక్కడి నుంచి హల్ సిటీకి మారిన ఓ టీనేజ్ వింగర్ ఉన్నాడు. పేరు జారడ్ బోవెన్. 2020లో వెస్ట్‌హామ్‌కు వెళ్లి, 2023 జూన్ 7న ప్రాగ్‌లో యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్లో 90వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టాడు. మూతపడ్డ కంపెనీ పేరు రెజ్యుమెలో ఉన్నంత మాత్రాన కెరియర్ మూతపడదు.

కాంట్రాక్టు ముగిశాక ఆటగాడు స్వేచ్ఛగా వేరే క్లబ్బుకు వెళ్లే హక్కు కూడా ఊరికే రాలేదు. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మన్ అనే మామూలు ఆటగాడు 1990లో కాంట్రాక్టు పూర్తయ్యాక ఫ్రాన్స్‌లోని రెండో డివిజన్ క్లబ్బుకు వెళ్లబోతే, పాత క్లబ్బు బదిలీ డబ్బు అడిగి అడ్డుపడింది. కోర్టుకెక్కాడు. అయిదేళ్ల తర్వాత, 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం అతడి వైపు తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో బాగుపడింది తర్వాతి తరం ఆటగాళ్లు. అతడి ఆట మాత్రం ఆ అయిదేళ్లలోనే కరిగిపోయింది.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్‌లో గొప్ప చరిత్రే ఉంది. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానంలో నిలిపిందీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిందీ ఆయన శిక్షణలోని జట్లే. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. ఆ రోజుల్లో ఆటగాడికి భరోసా వేరు. పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం ఉండేది. ఆట ఆగిపోయినా జీతం ఆగేది కాదు.

ఇప్పుడు క్లబ్బుల కాలం. పైన ఐఎస్‌ఎల్, దాని కింద ఐ-లీగ్ పేరుతో నడిచిన రెండో శ్రేణి లీగు, ఇంకా కింద రాష్ట్ర లీగులు. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లలోనే ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. ప్రధాన ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది జులైలో, లీగు హక్కుల ఒప్పందం తేలకపోవడంతో ఐఎస్‌ఎల్ సీజన్‌ను ఆపేశారు. కొన్ని క్లబ్బులు కార్యకలాపాలే నిలిపేశాయి. దేశంలో పైమెట్టు మీదున్న ఆటగాళ్లే నెలల తరబడి తమ ఉద్యోగం ఏమవుతుందో తెలియకుండా గడిపారు. హైదరాబాద్‌లోనే శ్రీనిధి దక్కన్ క్లబ్బు ఐ-లీగ్‌లో ఆడుతూ, 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచింది.

అమ్మాయిల్లో నిజామాబాద్‌కు చెందిన గుగులోత్ సౌమ్య గురించి చెప్పుకోవాలి. ఆమె వింగ్‌లో ఆడుతుంది. గోకులం కేరళ నుంచి 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లి, తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. తెలంగాణ నుంచి యూరప్ క్లబ్బు దాకా వెళ్లే దారి ఇరుకే కానీ, లేకపోలేదు.

మైదానం బయట ఉద్యోగాలు

నిజం మాట్లాడుకుందాం. 20 ఏళ్లు దాటాక కొత్తగా ఆట మొదలుపెట్టి ప్రొఫెషనల్ అవ్వడం దాదాపు అసాధ్యం. కాలేజీ, యూనివర్సిటీ జట్టుకు ఆడినవారికి మాత్రం చేతిలో ఉన్న అర్హతను వాడుకునే దారులున్నాయి.

• క్రీడా కోటా: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రతిభావంతులైన క్రీడాకారుల నియామకాలకు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీ తరఫున ఆడినవారినీ పరిగణిస్తారు. దీనికి యూనివర్సిటీ క్రీడా విభాగం డైరెక్టర్ లేదా డీన్ సంతకంతో 'ఫారం-3' ధ్రువపత్రం కావాలి. రాష్ట్ర జట్టుకు జాతీయ పోటీల్లో ఆడితే 'ఫారం-2'. రైల్వే, పోలీసు, ఇతర శాఖల నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. నోటిఫికేషన్ పూర్తిగా చదవాలి. సర్టిఫికెట్ మాత్రం కాలేజీ వదలకముందే తీసుకోండి. తర్వాత తిరగడం కష్టం.

• కోచింగ్: అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) డి, సి, బి, ఎ, ప్రో అని మెట్లుగా లైసెన్సులు ఇస్తుంది. డి లైసెన్సుతో పాఠశాలలు, చిన్న అకాడమీల్లో మొదలుపెట్టొచ్చు. పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) కోచింగ్ డిప్లొమా ప్రభుత్వ కోచ్ ఉద్యోగాలకు ఉపయోగం.

• డిగ్రీలు: గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ, మణిపుర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం వ్యాయామ విద్య, కోచింగ్ కోర్సులు నడుపుతున్నాయి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌కు ఐఐఎం రోహ్‌తక్‌లో కోర్సు ఉంది.

• ఫిజియో: బీపీటీ చదివి, స్పోర్ట్స్‌లో పీజీ చేసినవారికి క్రికెట్, కబడ్డీ, ఫుట్‌బాల్ అన్ని జట్లలోనూ పని ఉంటుంది.

• వీడియో, డేటా విశ్లేషణ: మ్యాచ్ వీడియో కోసి, అంకెలతో కోచ్‌కు నివేదిక ఇచ్చే పని. ఇంజినీరింగ్, స్టాటిస్టిక్స్ విద్యార్థులు సొంతంగా ప్రయత్నించదగ్గది. స్థానిక లీగు మ్యాచ్‌లు రికార్డు చేసి నాలుగైదు నివేదికలు తయారు చేస్తే అదే మీ పోర్ట్‌ఫోలియో.

• రిఫరీ: రాష్ట్ర సంఘం పరీక్షతో మొదలవుతుంది. మ్యాచ్‌కు ఇంత అని ఇస్తారు. చదువుకుంటూనే చేయొచ్చు.

మీ ఫైల్లోకి ఏం తీసుకోవాలి?

మీరు ఫుట్‌బాల్ జోలికే వెళ్లకపోవచ్చు. కానీ ఇప్పుడు చాలా మొదటి ఉద్యోగాలు కాంట్రాక్టు ఉద్యోగాలే. ఏడాది ఒప్పందం, ఆరునెలల ప్రొబేషన్, థర్డ్ పార్టీ పేరోల్. ఫుట్‌బాలర్లు వందేళ్లుగా ఇలాగే బతుకుతున్నారు. వాళ్ల అలవాట్లలో నాలుగు మనకూ పనికొస్తాయి.

ఒకటి.. ఆఫర్ వచ్చినప్పుడు కంపెనీ పేరు ఒక్కటే చూడకండి. అక్కడ మీకు నిజంగా పని ఇస్తారా, బెంచీ మీద ఉంచుతారా అడగండి. అడోమాను పైకి తీసుకెళ్లింది బార్నెట్ పేరు కాదు, అక్కడ ఆడిన వంద మ్యాచ్‌లు.

రెండు.. సంతకానికి ముందు కాగితం మొత్తం చదవండి. గడువు ఎప్పటిదాకా, నోటీసు పీరియడ్ ఎంత, బాండ్ ఉందా, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటారా? అర్థం కాకపోతే తెలిసిన లాయర్‌కో సీనియర్‌కో చూపించండి. ఫుట్‌బాలర్ తరఫున చదవడానికి ఏజెంట్ ఉంటాడు. మనకు ఉండడు.

మూడు.. ఉద్యోగంలో ఉండగానే మూడు నుంచి ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. జూన్ 30 తర్వాత జీతం రాని నెలల్లో మంచి ఆటగాడు కూడా తొందరపడి చెడ్డ ఒప్పందానికి ఒప్పుకొంటాడు. చేతిలో డబ్బుంటే 'ఆలోచించి చెబుతా' అనే ధైర్యం ఉంటుంది.

నాలుగు.. రెండో పని నేర్చుకోవడం మొదటి పని మీద నమ్మకం లేక కాదు. కోపెల్‌కు డిగ్రీ, అడోమాకు రంగుల పని, తర్వాత వింగ్‌బ్యాక్ స్థానం. ఇవాళ టెస్టింగ్‌లో ఉన్నవాళ్లు కొంచెం కోడింగ్, అకౌంట్స్‌లో ఉన్నవాళ్లు జీఎస్టీ, పీజీలో ఉన్నవాళ్లు ఒక టీచింగ్ అర్హత సంపాదిస్తే జట్టు మారినా స్థానం దొరుకుతుంది.

ఇవన్నీ ఒక్క రోజులో అయ్యేవి కావు. క్యాంపస్ సీజన్ దగ్గరపడుతోంది కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. ఇప్పటిదాకా వచ్చిన ఆఫర్ లెటర్ గానీ ఇంటర్న్‌షిప్ కాగితం గానీ తీసి, గడువు తేదీ ఎక్కడుందో చూసి, దాని కింద గీత గీయండి. ఆ తేదీకి మూడు నెలల ముందే తర్వాతి క్లబ్బు వెతకడం మొదలుపెట్టాలి.